మనిషి జాడ లేని ఇసుక

గోబీ ఎడారి అంచునున్న ఈ ఊరికి నేను మొదట యాత్రికురాలిగా వచ్చాను. దక్షిణాన నెలలో సగం రోజులు వాన కురిసే ఊరు మాది. ఇక్కడ రైలు దిగి, ఆ ఆకాశం చూశాక, తిరుగు ప్రయాణం ఊసే ఎత్తలేదు. ఒంటెలు తోలే లింగ్‌హు వాళ్ళింటి కోడలినయ్యాను. ఇప్పుడు నేనూ ముఖానికి గుడ్డ చుట్టుకుని, వీపు మీద నంబరున్న కోటు తొడుక్కుని, వచ్చినవాళ్ళని ఒంటెల మీద ఇసుక కొండ చుట్టూ తిప్పుతాను. ఎన్నేళ్ళయినా మా వీధి సువో అవ్వకి మాత్రం నేను ‘వానపిల్ల’నే.

అయిదో నెల పండగనాడు మధ్యాహ్నం మా ఊళ్ళో అందరూ కొండెక్కి, ఇసుక మీద కూర్చుని కిందికి జారుతారు. అలా జారితే ఏడాది పొడుగునా రోగాలు దరి చేరవంటారు. పోయిన చలికాలం నుంచీ అవ్వ దగ్గుతూనే ఉంది. వైద్యుడు ఇల్లు కదలొద్దన్నాడు.

“ఆయనకేం తెలుసే, నిన్న గాక మొన్న లాన్‌జౌ నుంచి వచ్చాడు. పద,” అని పండగనాడు నా మోచెయ్యి పట్టుకుని బయల్దేరింది.

తీరా వెళ్తే కొండ కింద అడ్డంగా తాడు కట్టి ఉంది. పైన శిఖరం మీద తెల్ల కారు ఒకటి నిలబెట్టారు. మా జనం, యాత్రికులు తాడు ఇవతల గుంపుగా నిలబడి గొణుక్కుంటున్నారు.

“ఇవాళ ఇటు ఎక్కకూడదవ్వా. కారు ప్రకటన తీస్తున్నారు. ఇసుక మీద ఒక్క అడుగు కూడా పడకూడదంట,” అన్నాడు కాపలావాడు.

“కారు జారుతుందా నా బదులు?” అంది అవ్వ.

టోపీ పెట్టుకున్న దర్శకుడు వచ్చాడు. మర్యాదస్తుడే. “అమ్మమ్మగారూ, సాయంత్రం ఎక్కండి. మాకు మనిషి జాడ లేని ఎడారి కావాలి. చూసేవాళ్ళు మెచ్చేది దాన్నే.”

“మనిషి జాడ లేనిదే కావాలంటే ఉత్తరానికి పో నాయనా. గోబీ అంతా ఖాళీయే.”

“అక్కడ హోటళ్ళుండవు కదండీ,” అంది ఆయన పక్కనున్న అమ్మాయి. అని నాలుక్కరుచుకుంది.

“విన్నారటర్రా!” అవ్వ గుంపు వైపు తిరిగింది. “తినడానికి మన నూడుల్స్ కావాలి, తాగడానికి మన ఖుబానీ పళ్ళ నీళ్ళు కావాలి, పడుకోడానికి మన ఊరు కావాలి. బొమ్మలో మాత్రం మనం కనపడకూడదట!”

తాడెత్తి కిందనుంచి దూరింది. కాపలావాడు చెయ్యి పట్టుకోబోతే, “లాగరా, లాగు. డెబ్బయ్యేళ్ళ ముసలిదాన్ని లాగానని మీ అమ్మకి చెప్పుకో,” అంది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నా వీపు మీద నంబరుంది. ఎవరు దూరారో చెప్పడానికి అదొక్కటి చాలు. అయినా దూరాను.

అంతలో ఉదయం నా ఒంటె ఎక్కిన లావుపాటాయన, హార్బిన్ నుంచి వచ్చినాయన, “రెండ్రోజులు రైల్లో కూర్చుని వచ్చింది కారు చూడ్డానికా?” అంటూ తాడు దాటాడు. వెనకే అందరూ. దర్శకుడు మైకులో అరుస్తూనే ఉన్నాడు.

ఎక్కడం అంత తేలిక కాదు. ఒకడుగు వేస్తే అరడుగు జారుతుంది. అవ్వ మధ్యమధ్యలో కూలబడి దగ్గింది. హార్బినాయన వీపు మీద ఎక్కించుకుంటానంటే, “నేనేం మూటనా?” అని కసిరింది. చివరికి నాలుగు కాళ్ళ మీద పాకింది. పాకుతూనే పైకి చేరింది.

ఆ కారు పక్కనే అందరం వరసగా కూర్చున్నాం. ఇసుక జారితే మోగే కొండ మాది. ఒకరిద్దరు జారితే పలకదు. అంతమంది ఒక్కసారి జారేసరికి మా కిందనుంచి లారీలు పోతున్నట్టు గుమ్మని మోత. ఒళ్ళంతా అదిరింది. అవ్వ నోటినిండా ఇసుకతో కేకలు పెడుతూ నాకంటే ముందు కిందికి చేరింది. దగ్గు మాత్రం పోలేదు. ఇంకో నెల సతాయించి, ఎండలు ముదిరాక వదిలింది.

పండగ మర్నాడు ఒంటెలవాళ్ళ పెద్ద మమ్మల్నిద్దరినీ పిలిపించాడు. కారు కంపెనీవాళ్ళకి క్షమాపణ చెప్పమన్నాడు.

“వచ్చే ఏడు కూడా ఎక్కుతాను. అప్పటిది కూడా కలిపి ఇప్పుడే చెప్పేదా?” అంది అవ్వ. ఆయన నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు.

నా వైపు చూశాడు. “చెప్పను,” అన్నాను. కోటు విప్పి ఇచ్చెయ్యమన్నాడు, సీజను అయ్యేదాకా పనిలోకి రావద్దన్నాడు. విప్పి బల్ల మీద పెట్టాను.

ఆ సాయంత్రం మా అమ్మ ఫోను చేసింది. ఎవరు చెప్పారో, అప్పుడే తెలిసిపోయింది. “పని కూడా పోయిందిగా. ఇంకా ఏముందే ఆ ఇసుకలో? వచ్చెయ్.”

“నువ్వే ఒకసారి రామ్మా, జారి చూద్దువుగాని,” అన్నాను. “నేను మాత్రం రాను.”