నిచ్చెన పట్టుకున్నవాడు

బాప్తిస్మం నీళ్లు నెత్తిన పడ్డప్పుడు నెలల పిల్లాడు జాన్సన్ కనురెప్ప కూడా ఆర్పలేదు. అదే రోజు, అదే పాస్టరు చేతుల్లో క్యాథరిన్ కూతురు గ్రేస్ చర్చి రేకులు అదిరేలా ఏడ్చింది. క్యాథరిన్ గుండెలో మంట అప్పుడే రాజుకుంది.

జాన్సన్ ఆమె ఆడబిడ్డ కోమల కొడుకు. నస్పూర్‌లో రెండిళ్లకూ మధ్య ఒక గోడే అడ్డం. టీకా సూది జాన్సన్‌కు గుచ్చితే ఏడ్చింది గ్రేస్. వాడు సూదినే చూస్తూ కూర్చున్నాడు. పటాకులకు బెదరడు. తిట్టినా తల దించడు.

"నా కొడుకు పులి వదినా. నీ బిడ్డ ఈగ వాలినా ఏడుస్తది," అని కోమల నవ్వినప్పుడల్లా క్యాథరిన్ కూతుర్ని కసిరేది. "జర వాన్ని చూసి నేర్సుకోవే!"

పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చాయి. క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి క్యాథరిన్ డాబా ఎక్కబోయింది.

"నిచ్చెన నేను పట్టుకుంట అవ్వా," అంది గ్రేస్ తల్లితో.

"నీ చేతులే వణుకుతున్నయ్. జాన్సన్ పట్టుకుంటడు. నువ్వు జరుగు."

నక్షత్రం కట్టింది. దిగబోతూ నిచ్చెన మీద కాలు మోపింది. నిచ్చెన కదిలింది. కిందికి చూసింది. అది జారడం లేదు. జాన్సన్ రెండు చేతులా లాగుతున్నాడు, ఆమె ముఖంలోకే చూస్తూ.

నిచ్చెన పడిపోయింది. క్యాథరిన్ పిట్టగోడ పట్టుకుని వేలాడింది. కింద బట్టలుతికే బండ.

"జాన్సన్! నిచ్చెన పెట్టు బిడ్డా!"

"చేతులు నొస్తున్నయా అత్తా?" వాడి గొంతులో కోపం లేదు, భయమూ లేదు. "ఎంతసేపు పట్టుకుంటవ్?"

గ్రేస్ కేక పెట్టింది. గేటు దగ్గర వీధికుక్క పడుకుని ఉంది. దాని భయానికి గ్రేస్ ఏనాడూ ఒంటరిగా గడప దాటలేదు. ఇప్పుడు ఏడుస్తూనే దాని మీదుగా దూకి పరుగెత్తింది. సందు మొగన చాయ్ దుకాణం అబ్బాస్‌ను చొక్కా పట్టి లాక్కొచ్చింది.

"యా అల్లా! చెయ్యి ఇడువకు అక్కా!"

ఒక చెయ్యి జారింది. ఆ క్షణానే అబ్బాస్ నిచ్చెన లేపి ఆమె పాదాల కింద ఆనించాడు.

అరుపులు విని కోమల ఉరికొచ్చింది. సంగతి తెలిసి కొడుకు భుజాలు పట్టి ఊపింది. "ఎందుకు గుంజినవ్‌రా?"

"ఏమైతదో చూద్దామని."

గ్రేస్, కిందికి దిగిన తల్లి గీరుకుపోయిన అరచేతుల మీద ఊదుతూ వెక్కుతోంది. కోమల కొడుకును వదిలేసి ఆ పిల్ల కన్నీళ్లనే చూస్తూ నిలబడింది.

ఆ చూపు క్యాథరిన్‌కు తెలుసు. ఎనిమిదేళ్లుగా జాన్సన్ మీద తను పెట్టిన చూపే అది.

గ్రేస్‌ను దగ్గరికి లాక్కుని, దిష్టి తగలకుండా కొంగు కప్పింది.