పంపు నాన్న పెద్దబిడ్డ

కొండమీది తకెంగోన్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బిరూయెన్‌కు దిగే దారిలో, దాదాపు సగం దూరాన, పైన్ చెట్ల నీడలో వెడల్పాటి మలుపొకటి ఉంది. అమన్ సెర్తియా వ్యాను రోజూ అక్కడ ఆగుతుంది. పాత ప్రయాణికులు ఏమీ అనుకోరు, దిగి నడుములు విరుచుకుంటారు. కొత్తవాళ్లే ఇంజను పోయిందేమోనని మొహాలు చూసుకుంటారు.

ఆయన తాపీగా దిగి, సీటు కింద నుంచి పాత తువ్వాలులో చుట్టిన వస్తువు తీసి, ఫ్లాస్కు బానెట్ మీద పెట్టి, ఆ వస్తువును బొజ్జకు ఆనించుకుని పంపు కొట్టడం మొదలుపెడతాడు. చూడ్డానికి టార్చిలైటంత ఉంటుంది. పిడి లాగితే సైకిలు పంపే. నలభై దాకా కొడితే లోపల గాలి బిగిసిందని చిన్న ముల్లు చెబుతుంది. అప్పుడు దాని మూతిలో రెండు గుక్కల వేడినీళ్లు పోసి, కాఫీపొడి అదిమిన చిల్లుల గిన్నె పైన బిగించి, తలకిందులు చేసి మీట నొక్కుతాడు. లోపలి గాలి నీళ్లను పొడిలోంచి తోస్తుంది. తేనె జారినట్టు సన్నటి ధార గ్లాసులో పడుతుంది, పైన ఎర్రమట్టి రంగు మీగడ కడుతుంది. రెండు గుక్కలే. ఆ రెండు గుక్కలకు పన్నెండుమంది కాచుకోవాలి.

మా కొండల్లో పెద్దబిడ్డ పుట్టిందంటే మనిషి సొంత పేరు అటకెక్కుతుంది. సెర్తియా పుట్టింది, ఈయన సెర్తియా నాన్న అయ్యాడు, అంటే అమన్ సెర్తియా. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి. ఎవరో ప్రయాణికుడు ఈ మరను వ్యానులో మరిచిపోయి, ఫోను చేస్తే నేనింకోటి కొనుక్కున్నాను నువ్వే ఉంచుకో అన్నాడు చూడండి, ఆనాటి నుంచి సంతకు వెళ్లే ఆడవాళ్లు ఈయన్ని అమన్ పోంపా అనడం మొదలుపెట్టారు. పంపు నాన్న. కూతురి పెళ్లిలో కూడా ఈ మనిషికి ఇంత చెమట పట్టలేదు, పెద్దబిడ్డంటే ఇదేనమ్మా అని వాళ్ల వాదన.

అననివ్వండి. ఆయన గోల ఆయనది. ఐదో తరగతి దాటని బుర్రలో ఎప్పుడూ ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంటుంది. కింద సముద్రం ఒడ్డున మరిగే నీళ్లు అలాగే పోస్తే కాఫీ చేదెక్కుతుంది, కాసేపు ఆగి పోయాలి. కొండమీద అవే నీళ్లు మరుగుతుండగానే పోసినా చేదు రాదు, ఆగితే పులుపొస్తుంది. నీళ్లూ అవే, పొడీ అదే, చెయ్యీ అదే. ఎందుకలా? రోజుకొక్కటి మార్చి చూసేవాడు. ఒకరోజు పొడి గరుకుగా, ఒకరోజు మెత్తగా, ఒకరోజు మర ఇనుము ముందే వెచ్చబెట్టి. బావుంటే ఆ రోజు వ్యాను కూడా మెత్తగా పోయేది. బాగోకపోతే గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ వెళ్లాల్సిందే.

అలాంటి రోజుల్లో మేనత్త ఫోను చేసింది. గురువారం పొద్దున రంపం వాడు వస్తున్నాడని, జాగోంగ్ ఊరి పైన గుట్టమీది పాత కాఫీచెట్లు కొట్టేయిస్తున్నానని, చివరిసారి చూసుకోవాలంటే వచ్చి చూసుకొమ్మని.

ఆ చెట్లు ఆయన నాన్న నాటినవి. నాన్న పోయాక తోట నాన్న చెల్లెలికి వచ్చింది. మనుషులు ఆమెను మనవరాలి పేరు పెట్టి అనన్ మహ్యానా అంటారు. డెబ్బై దాటిన మనిషి. పాత చెట్లు కాసేది చెట్టుకు రెండు దోసిళ్లు, పక్కనే మూడేళ్ల కొత్త చెట్లు కొమ్మ విరిగేలా కాస్తున్నాయి. అవి కొట్టి ఇవి నాటాలనడంలో ఆమె తప్పేం లేదు. ఆ మాట అమన్ సెర్తియాకూ తెలుసు. తెలిసినా వద్దత్తా అన్నాడు. ఎందుకొద్దో చెప్పమంది.

"నాన్న నాటాడని అనమాకు," అందామె. "మీ నాన్న ముళ్లకంచె కూడా నాటాడు. ఆ పంపు ఏదో ఉందంటగా నీ దగ్గర, దాంతో చూపించు. గ్లాసులో ఏదన్నా కనబడితే చెట్లుంటాయి. కనబడలేదా, రంపం వాడికి అన్నం నువ్వే వడ్డించు."

బుధవారం పొద్దున వ్యాను తమ్ముడికి అప్పగించి, తువ్వాలు మూటను చొక్కాలో దోపుకుని, మోటారుసైకిలు మీద వెళ్లాడు. బండి ఎక్కలేని చోట దాన్ని వదిలి గుట్ట నడిచి ఎక్కాడు. గుడిసె చేరేసరికి మేనత్త అప్పటికే గింజలు వేయించి, దంచి, డబ్బాలో పోసి ఉంచింది. మేనల్లుడు వస్తున్నాడని మర్యాదగా వేయించింది. మర్యాదంటే మా దగ్గర వెన్న ముద్ద ఒకటి, పంచదార రెండు గుప్పిళ్లు పెనంలో పడాలి. గింజ నల్లగా నిగనిగలాడాలి. ఉత్త గింజ వేయించి పెట్టడమంటే చుట్టానికి మొహం కడుక్కోకుండా ఎదురెళ్లడం లాంటిది. పొడి కూడా ఆమె రోట్లో పౌడరులా దంచింది, గ్లాసులో వేసి మరిగే నీళ్లు పోసుకు తాగే మా కాఫీకి అలాగే దంచాలి.

వద్దని చెప్పడానికి ఈయనకు నోరు రాలేదు. పొడి నింపాడు, నలభై కొట్టాడు, మీట నొక్కాడు. చుక్క రాలేదు. ఇంకో పది కొట్టాడు. పిడి కదలనంది. లోపల వెన్నా పంచదారా వేడికి కరిగి, మెత్తటి పొడితో కలిసి తారు ముద్దయి చిల్లులన్నీ మూసేసింది. ఏమైందో చూద్దామన్న ఆత్రంలో, లోపల గాలి ఇంకా బిగిసే ఉందన్న మాట మరిచి, మూత విప్పాడు.

టప్పుమంది. గుడిసె తడిక మీద, ఎండేసిన చీరె మీద, గంప కింద పొదుగుతున్న కోడి మీద, అన్నిటికన్నా ఎక్కువగా తన మొహం మీద నల్లటి చుక్కలు. కోడి గంప తన్నుకుని పారిపోయింది. మేనత్త కొంగుతో ఒక కన్ను తుడుచుకుని, రెండో కంటితో అతన్ని చూసి, కనబడిందిరా అబ్బాయ్, గ్లాసులో కాదు గానీ బాగానే కనబడింది అంది.

మరను విప్పి పళ్ల బ్రష్షుతో తోముకునేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి పచ్చి గింజలే ఇమ్మన్నాడు, తనే వేయిస్తానని. వెన్న లేకుండా, పంచదార లేకుండా, మట్టి పెనంలో, దాల్చినచెక్క రంగు దాటి కాస్త ముదిరేదాకా. ఆమె పక్కన కూర్చుని, బీదవాడి కాఫీ, అనాథ కాఫీ అని గొణుగుతూనే ఉంది. రోకలి లాక్కుని గరుకుగా దంచి, జల్లించి, మళ్లీ పంపు కొట్టాడు. ఈసారి వచ్చింది. కానీ వచ్చిందంతా నురుగే. గ్లాసు నిండా తెల్లటి బుడగలు, అవి అణిగాక అడుగున అర చెంచాడు పులుసు.

"బట్టలుతకనా దీంతో?" అందామె.

ఎందుకలా వచ్చిందో ఈయనకు తెలుసు. ఇప్పుడే వేయించిన గింజ లోపల గాలి పట్టి ఉంటుంది. వారం రోజులు వ్యాను అరలో పడి ఉంటే నెమ్మదిగా అదే పోతుంది. ఇక్కడ వారం ఎక్కడిది? తెల్లారితే రంపం. ఆ మాటే చెప్పి గుమ్మంలో కూలబడ్డాడు.

మేనత్త కాసేపు పెనం కేసి చూసింది. తర్వాత తను పదిహేనేళ్ల పిల్లగా ఈ గుట్టమీద అన్నతో కలిసి మొక్కలు నాటిన రోజు సంగతి ఎత్తుకుంది. మొక్క నాటేటప్పుడు దాని చెవిలో అన్నట్టు వంగి, నిన్ను గాలికిచ్చి పెళ్లి చేస్తున్నానమ్మా అని చెప్పే ఆనవాయితీ మాది. నీళ్లు పెళ్లిపెద్ద, నేలా ఎండా సాక్షులు. నీళ్ల చెంబు ఆ రోజు ఆమె చేతిలోనే ఉందట. చెబుతూ చెబుతూనే లేచి రెండు చేటలు దులిపి తెచ్చింది.

"పెళ్లాన్ని పెనంలో పెట్టి మూతేశావు, మొగుడి మొహం చూపించలేదు. ఉబ్బిపోదూ మరి? దానికి గాలి తగలనీ," అంది.

అమన్ సెర్తియా గుమ్మంలోంచి దిగ్గున లేచాడు. వారం రోజులు గింజ చేసే పని, గింజను ముక్కచెక్కలుగా చితక్కొట్టి గాలికి పెడితే కొన్ని గంటల్లోనే ఎందుకు జరగకూడదు? నూరు మలుపులు తిరిగినా ఈ మాట తనకెందుకు తట్టలేదు? అప్పటికప్పుడు పాత చెట్ల గింజలు, కొత్త చెట్ల గింజలు విడివిడిగా వేయించి, పప్పుబద్దల్లా చితక్కొట్టాడు. ఏ చేటలో ఏవి పోస్తానో నువ్వు చూడకూడదని అతన్ని బావికి పంపి, మేనత్తే చేటల్లో పోసి కిటికీ దగ్గర గాలిలో పెట్టింది.

సాయంత్రం నమాజు కాగానే ఎడమ చేటవి ఒకసారి, కుడి చేటవి ఒకసారి పొడి కొట్టాడు. ఇనుమును వేడినీళ్లతో రెండుసార్లు కడిగి వెచ్చబెట్టాడు. ఇంత ఎత్తున నీళ్లు తొందరగా మరిగి తొందరగా చల్లారతాయని, మరుగు ఆగకముందే పోశాడు. ఈసారి నురుగు పొంగలేదు. ధార ముందు చుక్కలుగా పడి, తర్వాత సన్నగా దారంలా సాగింది. రెండు గ్లాసుల్లోనూ ఎర్రమట్టి మీగడ.

ఎడమ గ్లాసు తాగాడు. గుండ్రంగా, చిక్కగా, బెల్లం కాచినప్పటి తీపి. మిగిలిన గుక్క నోట్లో తిప్పుకుని కళ్లు మూసుకున్నాడు. కుడి గ్లాసు మొదటే మా కొండల్లో కాసే చెట్టు టమాటాలా పుల్లగా తగిలింది, పల్చగా జారిపోయింది, చివర్లో ఏదో అర్థంకాని వాసన ముక్కులోకి ఎక్కింది. ఆయన గట్టిగా ఊపిరి తీసుకుని ఎడమ గ్లాసు మీద చెయ్యేశాడు.

"ఇదత్తా నాన్నది. దీన్ని కొట్టేస్తావా?"

మేనత్త బోసినోటితో ఎంతసేపు నవ్విందంటే, అప్పుడే గుడిసెకు తిరిగొచ్చిన కోడి మళ్లీ వెళ్లిపోయింది. ఎడమ చేటలోవి మూడేళ్ల కొత్త చెట్ల గింజలు.

ఓడినమాట ఓడినట్టే. కొత్తదే బావుందత్తా అని నిజం ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ, పొద్దుపోయేదాకా ఆ కుడి గ్లాసు వదల్లేదు. ఖాళీ గ్లాసే. తాగినప్పటికంటే ఖాళీ అయ్యాక ఎక్కువ వాసనొస్తోంది. వాన కురిసి వెలిశాక పైన్ బంక వాసనా? కాదు. పొగాకా? అదీ కాదు. లవంగం అనుకుంటే లవంగం అయిపోతుంది, మళ్లీ చూస్తే లేదు. ఆ గ్లాసు కడగమాకత్తా అని చెప్పి పొయ్యి మీదికి నీళ్లు తేవడానికి వెళ్లాడు. వచ్చేసరికి గ్లాసు ఉన్నచోట లేదు, గూట్లో ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

పొద్దున రంపం వాడొచ్చాడు. పేరు అమన్ దిరుస్, గుండ్రాయిలాంటి మనిషి, మూడు లోయల్లో అతని రంపానికి ఎదురు లేదు. వచ్చినవాడికి ముందు అన్నం పెట్టడం మా ఆచారం. మేనత్త అన్నం పెట్టలేదు. కూర్చో నాయనా, ముందు కాఫీ తాగు, మా వాడు పట్నం మర తెచ్చాడు, ఇందులో వాసన ఏమిటో మాకు తెలియడంలేదు, అడవిలో తిరిగేవాడివి నువ్వు చెప్పాలి అంది. కుడి చేట ముందుకు జరిపింది.

అమన్ సెర్తియా పంపు కొట్టాడు. అమన్ దిరుస్ తాగి, పైన్ బంక అన్నాడు. మేనత్త తల అడ్డంగా ఊపింది, మళ్లీ తాగి చూడమంది. రెండో గ్లాసుకు కెమిరి మాను కోసినప్పటి పొట్టు అన్నాడు. దగ్గరికొచ్చావు నాయనా అంది. మూడో గ్లాసుకు వాళ్లమ్మ పెట్టెలో పాత బట్టలన్నాడు. నాలుగో గ్లాసుకు చెప్పడం మానేసి గుడిసెలో అటూ ఇటూ తిరుగుతూ తన పెళ్లి కథ మొదలుపెట్టాడు. ఐదోది మేనత్తే చేత్తో అందించింది.

పొట్టలో మెతుకు లేకుండా ఐదు. బయటికెళ్లి రంపం తాడు లాగబోయాడు. వేళ్లు తాడును పట్టుకోలేదు, తాడు చుట్టూ నాట్యం చేశాయి. రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. చీపురుపుల్లల్లా ఆడుతున్నాయి.

"ఈ చేత్తో రంపం పడితే కాలు తెగుద్ది పిన్నీ," అన్నాడు. రేపటి నుంచి నెలంతా వేరే లోయలో ఒప్పుకున్నాడట, ఆ తర్వాత వానలట, ఇక వచ్చే కోతలయ్యాకే రాగలనన్నాడు. అయ్యో, అలాగే నాయనా అని మేనత్త మహా విచారంగా అంది.

అతను గుట్ట దిగి కనుమరుగయ్యాక తలుపు వెనక నుంచి మూతపెట్టిన గిన్నెలు రెండు బయటికొచ్చాయి. ఇంకా గోరువెచ్చగా ఉన్న అన్నం, దెపిక్ చేపల పులుసు. తెల్లారకముందే వండి దాచింది. అమన్ సెర్తియా గిన్నెల వంక చూశాడు, మేనత్త వంక చూశాడు. పంపు కొట్టిన చెయ్యి భుజందాకా లాగుతుంటే అప్పుడు వెలిగింది బుర్ర.

"వద్దనుకుంటే వద్దని చెప్పి పంపొచ్చుగదత్తా."

"నేను పిలిచినోణ్ణి నేనే వద్దంటే నలుగురూ నవ్వరూ? వాడి చెయ్యి వణికింది, వాడే పోయాడు." చేప ముల్లు తీసి పక్కన పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "నువ్వు నీళ్లకెళ్లినప్పుడు నేనూ వాసన చూశాలే. యాభై అయిదేళ్లు బెల్లం కొరుక్కుంటా తాగాను ఆ చెట్ల కాఫీ. అందులో ఇదుందని ఒక్కడూ చెప్పలా. ఏందో తెలీకుండా ఎట్టా కొట్టిస్తా?"

ఆయన బయల్దేరేటప్పుడు తువ్వాలు మూట చొక్కాలో దోపుకోబోతే, చెయ్యి అడ్డం పెట్టింది. వచ్చే కోతలదాకా పెద్దబిడ్డను ఇక్కడ వదిలెళ్లమంది. ఎన్నిసార్లు కొట్టాలో, నీళ్లు ఎప్పుడు పోయాలో, గాలి పోకముందు మూత ఎందుకు విప్పకూడదో మూడుసార్లు చెప్పించుకుంది. చివరిది మాత్రం నేను కళ్లారా చూశాలే అంది.

మర్నాడు వ్యాను మలుపులో ఆగింది. ప్రయాణికులు దిగి నడుములు విరుచుకున్నారు. అమన్ సెర్తియా కూడా అలవాటుకొద్దీ దిగి, బానెట్ మీద ఫ్లాస్కు పెట్టి, ఖాళీ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సంతకెళ్లే ఆవిడ ఒకామె వ్యానులోంచి తల బయటపెట్టింది.

"ఏం పంపు నాన్నా, బిడ్డేది?"

"మేనత్త దగ్గరుంది. చదువుకుంటోంది."

అంతలో ఫోను మోగింది. అవతల కోడి అరుస్తోంది. మేనత్త గొంతు ఆయాసపడుతోంది.

"అబ్బాయ్, నలభై కొడితే నిన్నటి వాసన రావడంలా. ముప్పై ఆరు కొడితే వస్తోంది. ఎందుకురా?"

ఆయన ప్రయాణికులకు ఒక్క నిమిషం ఆగండన్నట్టు చెయ్యి చూపించి, బానెట్ మీద చతికిలబడ్డాడు.

"నీళ్లు మరుగుతుండగా పోశావా, ఆగినాకనా? ముందు అది చెప్పత్తా."