గుప్పిట్లో దారం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురే. విగ్రహాలు చేసే నాన్న, బల్ల మీద చొక్కా లేకుండా నిలబడిన అన్నయ్య, టీ తాగి పోదామని వచ్చి కూర్చుండిపోయిన దర్జీ మామయ్య, దారం పట్టుకున్న చిన్ని.

వైద్య కళాశాల వాళ్లు తమ వాకిట్లోకి ఒక విగ్రహం అడిగారు. వందల ఏళ్ల కిందట ఒక చిత్రకారుడు గీసిన బొమ్మే దానికి నమూనా. చతురస్రంలో, వలయంలో చేతులు చాపి నిలబడిన మనిషి. ఒంట్లో ప్రతిదీ లెక్కకు అమరినవాడు. చాపిన చేతుల కొస నుంచి కొసకు ఎంతో, అతని పొడుగూ అంతే.

కాళ్లూ ఛాతీ అన్నయ్యను చూసే చేశాడు నాన్న. ఇంత ఒడ్డూ పొడుగూ ఎవరికుందని మురిసిపోయాడు కూడా. చేతుల మాటెత్తితే మాత్రం తర్వాత చూద్దామనేవాడు. చిన్నప్పుడు విరిగిన ఎడమ మోచెయ్యి వంకరగా అతుక్కుంది. అది సాగుతుందేమోనని అన్నయ్య రోజూ తడిమట్టి బకెట్టు ఆ చేత్తో మోస్తూ పళ్లు బిగించి నిలబడేవాడు. చూసేది చిన్ని ఒక్కతే.

ఆ రోజు చేతుల వంతు వచ్చింది. నాన్న అతని నడినెత్తి నుంచి మడమ దాకా దారం కొలిచి తెంపాడు. అన్నయ్య చేతులు చాపగానే ఒక కొస అతని కుడిచేతి వేలికి తాను ఆనించి, రెండోది చిన్నికిచ్చాడు. ఎడమవైపు జానెడు మిగిలింది. చిన్ని మిగిలినదాన్ని మెల్లగా గుప్పిట్లోకి లాక్కుంది.

"సరిపోయిందా?"

"సరిపోయింది నాన్నా."

నాన్న ముఖం విప్పారింది. అన్నయ్య మాత్రం తన వేలికి తగులుతున్న గుప్పిటను చూశాడు.

"చెయ్యి తెరువు."

తెరిచింది. చెమటకు తడిసిన దారం కిందికి వేలాడింది.

"పోనీ, నా పొడుగే కాస్త తగ్గించు నాన్నా," అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

తప్పు ఎవరిదీ కాదనీ, లెక్క తప్పితే ఆ బొమ్మకు అర్థమే లేదనీ నాన్న నసిగాడు. ఎడమచేతికి మట్టుకు నువ్వు నిలబడు బావా అని మామయ్యను అడిగాడు. అందరి కొలతలూ నేను తీస్తే నా కొలత తీసేవాడు ఇన్నాళ్లకు దొరికాడని గొణుగుతూ, అన్నయ్య ముఖం చూడకుండా మామయ్య గుండీలు విప్పుకున్నాడు.

అన్నయ్య బల్ల దిగి చొక్కా అందుకున్నాడు. ఎడమచెయ్యి తొడగడం రోజూ చిన్ని పనే. పట్టుకోబోతే పక్కకు జరిగాడు. ఆ చెయ్యి తొడుక్కోకుండానే, చొక్కా భుజాన వేలాడుతుండగా తన గదిలోకి నడిచాడు. చిన్ని గుమ్మం దాకా వెంటపడింది.

"నాన్నకైతే లెక్క కావాలి. నీక్కూడా నా చెయ్యి చాల్లేదా?"

"అది కాదన్నయ్యా..."

అతను ఆ ఎడమచేత్తోనే తలుపు మూశాడు.