ఆఫీసమ్మ కూతురు

పరీక్షలైపోయాక బడిలో పనేముంటుందిలే అనేవాళ్ళని తీసుకొచ్చి నా కుర్చీలో ఒక్క వారం కూర్చోబెట్టాలి. ఒక్క వారం చాలు. మళ్ళీ జన్మలో ఆ మాటనరు.

పాఠాలుండవు, నిజమే. ఎండాకాలం సెలవులకి ముందు మూడు వారాలు పిల్లలకి ఇష్టమైనవి నేర్పాలని మా పెద్ద మేడం పెట్టిన ఏర్పాటు అది. ఒక గదిలో మట్టిబొమ్మలు, ఒక గదిలో నాటకం, మైదానంలో పరుగుపందాలు, వెనక రేకుల షెడ్డులో సైకిళ్ళ రిపేరు. ఆఖరి రోజు హాల్లో వేడుక. పిల్లలకి సంబరమే, ఎందుకు కాదు? ఆ సంబరానికి కావాల్సిన రంగులు, తాళ్ళు, జిగురు డబ్బాలు, దెబ్బలకి కట్టే పట్టీలు, తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితాలు, అన్నీ ఆఫీసులోంచే వెళ్ళాలి. ఆఫీసంటే నేను. పద్దెనిమిదేళ్ళుగా నేనొక్కదాన్నే. పిల్లలు ఆఫీసమ్మ అంటారు, టీచర్లూ అదే అంటారు. నా అసలు పేరు ఈపాటికి నాకే సరిగ్గా గుర్తుందో లేదో.

ఈ సామానంతా మోసేది ఒక ఇనప ట్రాలీ. దాని వయసెంతో ఎవరికీ తెలీదు. ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయి, ఇటు తోస్తే అటు లాగుతుంది. పైగా కీచుమని అరుపు. నేను వరండా ఆ చివర ఉండగానే ఈ చివర పిల్లలు "ఆఫీసమ్మ వస్తోందిరోయ్" అని సర్దుకునేవాళ్ళు. రోజుకి నాలుగుసార్లైనా దాన్ని కాలితో ఒకటి తన్ని, "నువ్వూ నేనూ ఒకే రోజు పోతాంలే" అని తిట్టుకునేదాన్ని.

వీటన్నిటికంటే పెద్ద గుదిబండ సర్టిఫికెట్లు. వేడుకలో ఏ ఒక్కరూ ఉత్తచేతులతో ఇంటికెళ్ళకూడదని పెద్ద మేడం పట్టుదల. అదైనా "చక్కగా పాల్గొన్నారు" అని అందరికీ ఒకటే అచ్చేసి పంచుదామంటే ఒప్పుకోరు. ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం రాయాలి. ఈ మూడు వారాల్లో ఆ బిడ్డ ఏం చేసిందో, అది మాత్రమే. ఒకరి వాక్యం ఇంకొకరికి రాకూడదు. దాన్ని ఆవిడ స్టేజీ మీద పైకి చదివి చేతికిస్తారు. మూడొందల నలభై మంది పిల్లలు. ఆలోచన మంచిదే, నేను కాదన్నానా? నా నడుమే కాదంటోంది.

ఆ వాక్యాలు టీచర్లు రాసివ్వాలి. సగం మంది ఇస్తారు. మిగతావాళ్ళు "ఈ ఒక్కసారికి మీరే ఏదో ఒకటి రాసెయ్యండమ్మా" అంటారు. ఆ ఒక్కసారి ఏటేటా వస్తూనే ఉంటుంది. నేనే రాస్తాను. ఏం, రాయలేనా? ఆలస్యంగా వచ్చినవాళ్ళు, కడుపునొప్పని వచ్చినవాళ్ళు, పోయిన గొడుగు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, అందరూ ఏదో ఒకరోజు నా కిటికీ ముందు నిలబడ్డవాళ్ళే. "స్నేహితురాలికి ముక్కులోంచి రక్తం కారితే తన చేతిరుమాలు తడిపి పట్టింది." "నాటకంలో చెట్టు వేషం వేసి, చీమ కుట్టినా కదలకుండా నిలబడ్డాడు." మేడం చదువుతుంటే హాల్లో తల్లులు కళ్ళొత్తుకుంటారు, టీచర్లు ఎంత బాగా గమనించారో అని. నేను ట్రాలీ పట్టుకుని పక్కన నిలబడి, నొప్పి పుట్టిన కాలు మార్చుకుంటూ ఉంటాను.

మా పిట్ట కూడా ఇదే బళ్ళో చదువుతోంది. పిట్టంటే నా కూతురు, తొమ్మిదో తరగతి. పుట్టినప్పుడు పీలగా ఉండేదని పిట్ట అన్నాం, అదే ఉండిపోయింది. పోయినేటి దాకా ఏ గదిలో చోటుంటే ఆ గదిలో, ఎవరికీ అడ్డం రాకుండా కూర్చునేది. ఈసారి మాత్రం పట్టుబట్టి సైకిళ్ళ షెడ్డులో చేరింది. మూడో రోజో నాలుగో రోజో, చేతులు మసిపాత్రల్లా చేసుకుని నా కిటికీ దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఒకసారి షెడ్డుకి రావా? నీకొకటి చూపించాలి."

"ఏంటే అది?"

"చెప్పను. నువ్వొచ్చి చూడాలి."

"సరే, రేపొస్తాలే."

షెడ్డు నా కుర్చీ నుంచి నలభై అడుగులుండదు. కిటికీలోంచి దాని రేకులు కనబడతాయి. మర్నాడు జిగురు డబ్బాలు రాలేదు. ఆ మర్నాడు పరుగుపందెంలో ఎవరికో కాలు బెణికింది. ఆ తర్వాతి రోజు ఏమైందో గుర్తు కూడా లేదు. ప్రతి సాయంత్రం "రేపొస్తావా?" అనేది, "రేపొస్తా" అనేదాన్ని. రెండో వారం మధ్యలో అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నా, హమ్మయ్య అనే అనుకున్నాను.

ఆ వారంలో నాకు కలిసొచ్చింది ఒక్కటే. ట్రాలీ ఉన్నట్టుండి బుద్ధిగా నడవడం మొదలెట్టింది. అరుపు లేదు, లాగుడు లేదు. వాచ్‌మన్ తాత జాలిపడి నూనె వేసుంటాడనుకుని, గేటు దగ్గర ఆగి, "నీ చేతికి దండం పెట్టాలి తాతా" అన్నాను. "దాందేముందమ్మా, మన పనేగా" అన్నాడాయన, మహానుభావుడు.

ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనమైపోయేది. పిట్ట వాళ్ళ నాన్న బస్సు నడుపుతాడు. ఆ నెలంతా సాయంత్రం డ్యూటీలే. మా ఇద్దరికీ ఏదో ఇంత ఉడకేసి, తిని, కంచం ముందే కునికేదాన్ని. మెలకువ వచ్చేసరికి కంచాలు కడిగేసి ఉండేవి. నా కాళ్ళ కింద దిండుండేది. దాని గురించి కూడా నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు.

మూడో వారం మొదట్లో షెడ్డు చూసుకునే డ్రిల్లు మాస్టారు తన పిల్లల వాక్యాలన్నీ కాగితం మీద రాసి పంపారు. ఇరవై రెండు మంది. చెప్పకూడదూ, చక్కగా రాశారు. పిట్ట పేరు దగ్గర మాత్రం, "మీ అమ్మాయి గురించి మీకు నేను చెప్పేదేముందమ్మా! మీరే రాసుకోండి" అని ఉంది. నిజమే కదా అనుకున్నా. సొంత కూతురు, ఒక్క నిమిషం పని. అందుకే దాన్ని ఆఖరికి పెట్టుకున్నా.

మిగతావన్నీ అయ్యాక కలం పట్టుకుంటే ఒక్క ముక్క రాలేదు. "సైకిళ్ళు బాగుచేసింది" అందామంటే అక్కడున్న ఇరవై రెండు మందీ చేసిందదే. ఆ సాయంత్రం బస్సులో అడిగాను.

"ఏమే పిట్టా, షెడ్డులో ఏం చేశావే? సర్టిఫికెట్లో రాయాలి."

నా మొహంలోకి చూసింది. "నువ్వొచ్చి చూస్తానన్నావుగా."

"రేపొస్తానే తల్లీ. ఇప్పుడైతే చెప్పు."

"అందరివీ నువ్వేగా రాసేది. నాకు తెలుసు. వాళ్ళందర్నీ చూసి రాశావు. నన్నూ చూసి రాయి. నాకదే కావాలి."

"అందరూ ఒకెత్తు, నువ్వొక్కదానివీ ఒకెత్తు! బస్సులో కూడా నన్ను ఊపిరి తీసుకోనివ్వవా?" అని కసిరాను. బస్సులో ఎదుటి సీటావిడ తిరిగి చూసింది. పిట్ట కిటికీ వైపు తిరిగిపోయింది.

వేడుకకి ముందురోజు మధ్యాహ్నమంతా సీలు వేస్తూ కూర్చున్నా. సీలు లేని కాగితం చెల్లదు. బళ్ళో ఎవరేం కాగితం పట్టుకొచ్చినా నేననే మొదటి మాట అదే. మూడొందల ముప్ఫై తొమ్మిదింటికి టకటకా వేసేశాను. పిట్టది మాత్రం పొద్దున్నే షెడ్డుకెళ్ళి చూసొచ్చి, రాసి, అప్పుడు వేద్దామని వాళ్ళ క్లాసు కట్టలో దాని వరసలో పెట్టాను.

పొద్దున్నే మైకు పనిచెయ్యలేదు. కుర్చీలు తక్కువొచ్చాయి. నాటకం పిల్లలు కిరీటాలు ఎక్కడో పారేసి నా ప్రాణం తీశారు. పదింటికల్లా హాలు నిండిపోయింది. నేను స్టేజీ పక్కన ట్రాలీ మీద కట్టలు పేర్చుకుని, ఒక్కొక్కటే మేడంకి అందిస్తున్నాను. ఆవిడ చదువుతున్నారు, తల్లులు కళ్ళొత్తుకుంటున్నారు. తొమ్మిదో తరగతి కట్ట విప్పినప్పుడు కూడా నాకు గుర్తు రాలేదు. చేతులు వాటంతటవే అందిస్తున్నాయి.

మేడం పిట్ట పేరు చదివారు. పిట్ట మెట్లెక్కి వచ్చింది. జడ గట్టిగా బిగించుకుంది, గోళ్ళలో మసి ఇంకా పోలేదు. మేడం కాగితం మీదకి వంగారు. ఆగారు. వెనక్కి తిప్పి చూశారు. తర్వాత నా వైపు చూశారు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ గీత ఖాళీగానే ఉందని.

అంతమందికి అలవోకగా రాసినదాన్ని, ఆ క్షణంలో ఒక్క మాట అందించి ఉండకూడదా? అందిద్దామనే నోరు తెరిచాను. ఏముంది చెప్పడానికి? నాకు తెలిస్తే కదా! పిట్ట మేడంని చూడటం లేదు. నన్నే చూస్తోంది.

మేడం మంచావిడ. వెంటనే నవ్వేసి, "ఈ అమ్మాయి గురించి వేరే చెప్పాలా? మన ఆఫీసమ్మ కూతురు!" అన్నారు. హాలు హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళకంటే ఎక్కువే కొట్టారు. పిట్ట కాగితం తీసుకుని, మేడంకి నమస్కారం పెట్టి, నా పక్కనుంచే దిగి వెళ్ళిపోయింది. నా వైపు తిరగలేదు. ఇంకా నూట పది సర్టిఫికెట్లున్నాయి. అన్నీ అందించాను.

హాలు ఖాళీ అయ్యాక, కుర్చీలు ఎవరు సర్దుకుంటే వాళ్ళే సర్దుకోనీ అని, ట్రాలీ తోసుకుంటూ షెడ్డుకి పరిగెత్తినంత పని చేశాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు, తలుపుకి గొళ్ళెం పెడుతూ. లోపల ఏమీ లేదు. పాత సైకిళ్ళన్నీ ఆ పొద్దున్నే ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళిపోయారట. నేల మీద నూనె మరకలున్నాయంతే.

"పిట్ట వచ్చిందా మాస్టారూ?"

"లేదమ్మా." ఆయన నా ట్రాలీ వంక చూశారు. "ఎలా నడుస్తోంది? చక్రం ఏమన్నా ఊగుతోందా?"

"ఏ చక్రం?"

"అదేంటమ్మా, పిట్ట బిగించిందిగా! మీరు మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో దీన్నిక్కడికి తోసుకొచ్చేది, గంట కొట్టేలోపు మళ్ళీ పెట్టేసేది. నాలుగు రోజులు కుస్తీ పట్టింది. పాత చక్రం తుప్పుకి ఊడి రాదే! మీకు చూపించి బిగిద్దామని ముందు చాలా ఆగింది పాపం. మీకేమో తీరలేదాయె."

వంగి చూశాను. మూడు చక్రాలు నల్లవి. నాలుగోది ఎర్రటి ఎరుపు. ఏ చంటిపిల్లల మూడు చక్రాల బండిదో తీసి, తోమి, తొడిగింది. పది రోజులుగా అది నా కాళ్ళ ముందే దొర్లుతోంది. దానికి నేను వాచ్‌మన్‌కి దండం పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. మాస్టారు ముందే ఏడుపొచ్చేసింది. ఆయన తాళంచెవి కోసం జేబులు తడుముకుంటూ అటు తిరిగారు.

పిట్ట ఆఫీసులో ఉంది, నా కుర్చీలో. కిటికీలోంచి షెడ్డు రేకుల్ని చూస్తోంది. కాగితం బల్ల మీద పెట్టి ఉంది. నేను ట్రాలీ తలుపు దగ్గర ఆపి, లోపలికెళ్ళి నిలబడ్డాను.

"షెడ్డు తాళం వేసేశారే."

"తెలుసు."

"చక్రం చూశాను."

నాకు క్షమించమని అడగడం కూడా చేతకాలేదు. చేతనైంది ఆ ఒక్క పనే. కలం తీసుకుని, నిలబడే, ఆ ఖాళీ గీత మీద రాశాను: "ఆఫీసు ట్రాలీకి కొత్త చక్రం బిగించింది, పది రోజులు దాన్ని తోసిన వాళ్ళమ్మ చూడనే లేదు."

పిట్ట తన వైపు తిప్పుకుని చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఇదే ఉంచుతావా?"

"ఇదే."

"నాన్నకి చూపిస్తా."

"చూపించు."

"అయితే సీలెయ్యి," అంది. "సీలు లేకపోతే చెల్లదంటావుగా."

సీలు తీసి సిరాలో అద్దాను. ముందురోజు మూడొందల ముప్ఫై తొమ్మిదింటికి చూడకుండా వేసిన చెయ్యి, ఇక్కడ గాల్లోనే ఆగిపోయింది. పిట్ట కాగితం కదలకుండా రెండు చివర్లూ మసిగోళ్ళతో నొక్కి పట్టుకుంది.

"వెయ్యమ్మా," అంది. "నేను పట్టుకున్నాగా."

వేశాను.