బంతిలో కూర్చున్న నీడలు

"గవ్వలాడే రేణమ్మా, గడులు దాటే కాయమ్మా,
ఇంటికొస్తే పండే కాయ... ఇంటికొస్తే..."

ఆ తర్వాతి మాట ఆంజనమ్మకు ఎప్పుడూ గుర్తుకు రాదు. ఆ శుక్రవారం కూడా గల్ఫులో, నజ్మా అనే పేటలోని తన మెస్సులో అంతదాకే పాడి, సంగటి కెలుకుతూ ఊరుకుంది. శుక్రవారం డ్యూటీ ఉండదు. సైటుల్లో పనిచేసే మనవైపు పిల్లోళ్ళు తిని, చాప పరిచి పేకముక్కలు తీస్తారు. ఫులూస్, అంటే డబ్బులు, పెట్టి ఆడితే పోలీసులతో తంటా. అందుకని నీడలు ఒడ్డుతారు.

రాయచోటి నారాయణప్పను మించిన ఆటగాడు లేడు. హౌస్ డ్రైవరు. మేడమ్ కోసం కారులో కాచుకున్నంతసేపూ ఫోనులో పేరుమోసిన జూదగాళ్ళ కథలు చూస్తాడు.

"ఒకడు కాసినోలో బల్లంతా ఊడ్చేస్తే, పీనుగకు కప్పినట్టు ఆ బల్లకు నల్లగుడ్డ కప్పినారంట కా! నేనప్పుడు పుట్టింటేనా..." ఆంజనమ్మక్కతో అనేవాడు.

గెలిచిన నీడలన్నీ గుంపుగా అతని వెనక నడిచేవి. ఓడినోళ్ళకు సైటులో కాస్త ఎక్కువ చెమట పోసేది, అంతే.

కానీ నీడ ఓడిన తిరుమల్ ఆ సాయంత్రం ఊరికి పోతున్నాడు. జగిత్యాల దగ్గర వాళ్ళ పల్లెలో, పుట్టినప్పటినుంచీ నాయనను ఫోనులోనే చూసిన కూతురుంది.

"నీడ లేనోన్ని జూస్తే పిల్ల దయ్యమనుకుంటదే అన్నా. నాది నాకిచ్చెయ్యి."

"గెలుచుకో. ఒడ్డడానికి ఏముంది నీకాడ?" అన్నాడు నారాయణప్ప.

ఎన్నడూ ముక్క ముట్టని ఆంజనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది.

"ఆ పిల్లోని నీడకు నా నీడ ఒడ్తా. వెయ్యప్పా."

నారాయణప్ప మధ్యలో ఒక రాణిని పెట్టాడు. ఇంకో రాణి లోపల పడితే ఆమెది గెలుపు, బయట పడితే అతనిది. లోపలొకటి, బయటొకటి. లోపలొకటి, బయటొకటి. కింద ఎయిర్‌పోర్టు కారు హారన్ కొట్టింది.

రాణి బయట పడింది.

ఆంజనమ్మ నీడ లేచి నారాయణప్ప వైపు పోయింది. అయితే దానికి తెలిసింది ఒక్క పనే. అతని దగ్గరున్న నీడలన్నిటినీ గోడవారన బంతిలో కూర్చోబెట్టి, గరిటె నీడతో వడ్డన మొదలుపెట్టింది.

"మా అక్క నీడకు పందెంలో పోయినా చాకిరీనే!" నారాయణప్ప నవ్వాడు.

తిన్న నీడ ఒక్కొక్కటీ మెడ తిప్పి తన మనిషున్న దిక్కు చూస్తోంది. బంతి లేచిందంటే ఎవరింటికి వాళ్ళు పోవడమే. లేవాలంటే అందరికీ వడ్డన కావాలి.

అప్పుడు చూశాడు నారాయణప్ప. బంతి చివర, అరచెయ్యి చాపి, తన సొంత నీడ.

"ఆగు!"

గెలిచినోడి మాటే నీడకు మాట. గరిటె ఆగింది.

"నాదానికి పెట్టొద్దు కా. అది తిని లేచిందంటే ఈడ నిలవదు. దాని మనసంతా ఇంటికాడే, రాయచోటికే పోతాది."

"ఒకరిని ఆకలితో కూర్చోబెట్టి బంతి ఎట్ల లేపేది నారాయణా? ఆ పిల్లోడు ఎట్ల పోయేది?"

ఎండ కిటికీ అంచుదాకా జరిగింది. ఇంకాస్త జరిగితే గదిలో ఏ నీడా మిగలదు. కింద మళ్ళీ హారన్. తిరుమల్ సంచి భుజానేసుకుని నిలబడ్డాడు, కాళ్ళ దగ్గర నేల బోసిగా ఉంది.

నారాయణప్ప ఆ చాచిన అరచేతిని చూశాడు. ముక్కలు చాప మీద వదిలేశాడు.

"కారం తక్కువెయ్యమను కా," అన్నాడు. "దానికి కడుపులో మంట."