ఆగ్నేయం వైపు కిటికీ

ఇంద్రాణి వ్యాను ఆర్.కె. పురం క్వార్టర్స్ గేటులోకి తిరిగేసరికే బాల్కనీల్లో జనం నిలబడి ఉంటారు. దీపావళి వెళ్లాక ఢిల్లీ కిటికీల సంగతి చెప్పేదేముంది? పొగ, దుమ్ము, ఎవరో బోరు నీళ్లతో కడిగితే మిగిలిన తెల్లటి మరకలు. ఇంద్రాణి వ్యానులో ఉండేవి ఆ నీళ్లు కావు. ఫిల్టర్లలోంచి పోయి పోయి, ఉప్పన్నది ఆనవాలుకైనా మిగలని నీళ్లు. లాగేకొద్దీ పొడుగయ్యే కర్ర, దాని చివర బ్రష్షు, బ్రష్షులోకి సన్నటి పైపు. కింద పచ్చికలో నిలబడే మూడో అంతస్తు అద్దం కడిగేస్తుంది. గుడ్డ పెట్టి తుడవక్కర్లేదు, ఆరాక చుక్క మరక ఉండదు.

ఆ నీళ్లతో కడిగిన అద్దంలోంచి, మళ్లీ దుమ్ము పడేదాకా, కిటికీ ఏ దిక్కున ఉంటే ఆ దిక్కున ఎంత దూరమైనా కనిపిస్తుంది. ఇళ్లూ ఊళ్లూ అడ్డం రావు. అందుకే ఆ కేకలు.

"దీదీ, ముందు మా ఉత్తరం వైపుది! మనాలీలో మంచు పడుతోందట!"

"మాది పడమర! ఒంటెల సంత అయిపోతుంది, జల్దీ!"

"వస్తున్నా, వస్తున్నా" అంటూ ఇంద్రాణి పైపులు విప్పేది. ఆ హడావుడంటే ఆమెకి ప్రాణం. తను మాత్రం ఎన్నడూ ఏదీ చూడలేదు. కడిగేవాళ్లు బయట, చూసేవాళ్లు లోపల. బయటివాళ్లకి లోపలి గిన్నెలు కనిపిస్తాయి, అంతే.

ఆమెది కాకినాడ పక్కన ఉప్పాడ. భర్త ఆర్మీలో డ్రైవరు కాబట్టి ధౌలా కువాన్ అవతల కంటోన్మెంటులో కాపురం.

ఆ ఉదయం పైపు బిగిస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడు విష్ణు బోటు వేటకెళ్లి తిరిగి రాలేదు. ఇంజను చెడిందని ఒక్కసారి ఫోనులో చెప్పాడు, తర్వాత అందలేదు. సముద్రం మీద గాలి లేచింది. కోస్ట్‌గార్డు వాళ్లు విశాఖ వైపు వెతుకుతున్నారట.

ఇంద్రాణి వ్యాను మెట్టు మీద కూలబడింది. మూడో అంతస్తులో ఉండే తెలుగావిడ ఆండాళ్ తొంగి చూసింది.

"ఏమైంది ఇంద్రాణీ?"

ఇంద్రాణి చెప్పింది.

"మరి ఇంకా కిందే కూర్చున్నావేం? మా వంటింటి కిటికీ ఆగ్నేయం వైపే కదా! పైకి రా!"

"నేను పైకొస్తే కడిగేదెవరు ఆంటీ?"

అప్పుడే ఆండాళ్ భర్త కోదండరామయ్య ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకి దిగుతున్నాడు. టిఫిన్ బ్యాగు గోడ మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, కర్ర అందుకున్నాడు. "నువ్వెళ్లమ్మా. ఎక్కడ కడగాలో పైనుంచి చెప్పు."

ఇంద్రాణి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. కింద కర్ర ఊగిపోయింది. బ్రష్షు మొదటి అంతస్తు వాళ్ల ఆరేసిన దుప్పటిని తడిపి, గోడ మీది పైపులకి కొట్టుకుని, చివరికి అద్దం మీదికొచ్చింది. ఆయన కూతురు ఇషిత పైపు పట్టుకుని "పాపా, థోడా ఊపర్! ఇంకాస్త పైకి!" అని అరుస్తోంది.

నీళ్లు జారాయి. మసి జారింది. ఆండాళ్ గారి పోపుల డబ్బా వెనక సముద్రం లేచింది.

ఇంద్రాణి అద్దం దగ్గరికి జరిగింది. అదే బూడిద రంగు నీరు, అదే నురగ. పెళ్లయ్యాక ఇంత దగ్గరగా చూడనే లేదు. అంతలోనే తేరుకుంది.

"అంకుల్, ఎడమకి! ఇంకా ఎడమకి! ఇప్పుడు కిందకి!"

కడిగినంత మేరే సముద్రం కనబడుతోంది. బ్రష్షు కదిలిన చోటల్లా కొత్త అలలు. ఒక ఓడ. ఖాళీ నీళ్లు. మళ్లీ ఖాళీ నీళ్లు. అద్దం మూలకి రాగానే ఆమె గావుకేక పెట్టింది. తెడ్డుకి కట్టిన ఎర్ర లుంగీ రెపరెపలాడుతోంది. దాని కింద బోటు. ఇద్దరు నీళ్లు తోడుతున్నారు, మూడోవాడు ఇంజను మీద వంగి ఉన్నాడు. ఆ వీపు విష్ణుదే.

"దొరికాడు ఆంటీ! బతికే ఉన్నాడు! కానీ ఎక్కడున్నాడని చెప్పను? ఎటు చూసినా నీళ్లే!"

ఆండాళ్ అప్పటికే ఫోన్ చేసేసింది. ధౌలా కువాన్‌లో ఉండే, ఆవిడకి తెలిసిన నేవీ ఆఫీసరు ఉదయ్‌కిరణ్ పది నిమిషాల్లోనే హెల్మెట్ చంకన పెట్టుకుని వంటింట్లోకి దూసుకొచ్చాడు. అద్దానికి ముక్కు ఆనించాడు.

"బోటు వెనక ఇంకొంచెం కడిగించండి."

కడిగారు. దూరంగా ఒక మంట కనబడింది. సముద్రంలో గ్యాసు తీసే ప్లాట్‌ఫారం, దాని పక్కన వంగిపోయిన క్రేను.

"ఇది నాకు తెలుసు! దీని చుట్టూ గస్తీ తిరిగాను. వీళ్లు విశాఖ వైపు కాదు, కిందకి, అంతర్వేది వైపు కొట్టుకుపోయారు." ఫోన్ చెవిన పెట్టుకుని గబగబా చెప్పాడు. అవతల ఎవరో ఏదో అడిగారు.

"అవును, కళ్లారా చూస్తున్నాను. ఎక్కడి నుంచా? ఆర్.కె. పురం, వంటింట్లోంచి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత "ఠీక్ హై సర్" అన్న మాట అందరికీ వినబడింది.

ఇక ఎదురుచూపు. ఢిల్లీ దుమ్ము ఊరుకుంటుందా? నిమిషనిమిషానికీ బోటు మసకబారుతోంది. కోదండరామయ్య భుజాలు లాగేస్తే కింది ఫ్లాటు సర్దార్జీ కర్ర అందుకున్నాడు. ఆయన తర్వాత దుప్పటి తడిసినావిడే వచ్చింది. మనాలీ వాళ్లూ ఒంటెల వాళ్లూ తమ కిటికీల మాటే మరిచి వంటింటి గుమ్మంలో తొక్కుకుంటున్నారు. ఆండాళ్ పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా కాఫీ మీద కాఫీ కలుపుతోంది.

"ట్యాంకులో నీళ్లు అడుక్కి వచ్చేశాయి దీదీ!" కింద నుంచి ఇషిత.

"బోటు ఉన్నచోటే కడగండి! మిగతాది వదిలేయండి!"

అద్దంలో అరచెయ్యంత సముద్రం మిగిలింది. అందులోకి ఒక తెల్లటి ఓడ ముక్కు వచ్చింది. తాడు గాల్లో లేచింది. ఒకసారి జారింది. విష్ణు లేచి నిలబడి రెండోసారి పట్టుకున్నాడు. వంటిల్లంతా ఒక్కసారి అరిచింది, కింద మళ్లీ వంతుకొచ్చిన సర్దార్జీ కర్ర వదిలేసి ఎగిరాడు. ఆఖరి నీళ్లు జారిపోయాయి. కాసేపటికి అద్దంలో ఎదురు క్వార్టర్స్, ఆరేసిన బట్టలు తప్ప ఏమీ లేవు.

సాయంత్రం ఎండ ఉండగానే ఫోన్ మోగింది.

"అక్కా, నేనే. ఒడ్డుకొచ్చేశాం."

ఇంద్రాణి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అంత సముద్రంలో మమ్మల్ని ఎలా కనిపెట్టారే?"

"కిటికీ కడిగాంరా."

"ఎవరింటిది?"

"ఆండాళ్ ఆంటీ వాళ్లది."

"ఆవిడకి మంచి వంజరం తెస్తానని చెప్పు. ఇంత పొడుగుది!"

"వాళ్లు చేప తినర్రా."

ఫోనులో గాలి హోరు వినిపిస్తోంది.

"అయితే కాకినాడ కాజాలు తెస్తాలే" అన్నాడు విష్ణు.