ఆమె ఊతకర్ర

రెల్లుపొదల్లోంచి కత్సుమురా దొర నవ్వుకుంటూ బయటికొచ్చాడు. భుజాన నిలువెత్తు గుంజ ఒకటి ఉంది.

"చూశావా కుసాంకే! మన కోసమే చేసిపెట్టినట్టుంది. కొలతల తాడు దూర్చడానికి పైన కన్నం కూడా ఉంది."

సూది బెజ్జంలా తొలిచిన ఆ కన్నాన్ని చూడగానే కుసాంకేకి అదేంటో తెలిసిపోయింది. అది ఆడమనిషి సమాధి దగ్గర పాతే గుంజ. ఈ దీవిలో తరతరాలుగా ఉంటున్న తన వాళ్లు, ఐనులు, దాన్ని ఊతకర్ర అంటారు. పోయినవాళ్లు దాన్ని పట్టుకునే అవతలి లోకానికి నడుస్తారు. ఒకసారి పాతి వచ్చాక అయినవాళ్లెవరూ మళ్లీ అటు అడుగు పెట్టరు. కర్ర దానంతటది మట్టిలో కలిసిపోవాలి.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కుసాంకే చెప్పలేదు.

చక్రవర్తి మనుషులు ఈ దీవిని తమదిగా చేసుకుని, కొత్త పేరు పెట్టి, నదుల వెంట కొలతలు మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. సముద్రం దాటి వచ్చిన ఆ పరాయివాళ్ల, అంటే షిసాముల, భాష తన వాళ్లలో మొదట నేర్చినవాడు కుసాంకే. అతనికి ముందున్న దుబాసీ ఏదో కొండ ఎక్కొద్దని అడ్డుపడితే మర్నాడే పంపేశారు. చలికాలానికి సప్పొరో కచేరీలో కుసాంకేకి ఉద్యోగం ఇప్పిస్తానని దొర మాటిచ్చాడు. తల్లి ఆ సంగతి ఇంటింటికీ చెప్పుకుంది. పైగా ఎముకల కోసం సమాధులు తవ్వేవాళ్లున్నారని విన్నాడు. చెబితే ఈయన మిగతావి కూడా చూపించమంటాడేమో అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ సాకు అతనికే అతకలేదు.

మధ్యాహ్నానికి ఎగువ పేట చేరారు. దొర ఆ గుంజని ఒడ్డున దిగ్గొట్టి తాడు కట్టాడు. చేపలు కోస్తున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు.

"ఏరా అబ్బాయ్, ఏటికి కొలతలు తీసి చొక్కా కుట్టిస్తారా ఏంటి?" అంది తురుష్మా అవ్వ. "నడుం దగ్గర కాస్త వదులుంచమను. మంచు కరిగితే లావెక్కుద్ది."

అందరూ గొల్లుమన్నారు. అవ్వ కూడా నవ్వుతూనే గుంజ దగ్గరకొచ్చింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. కన్నం చుట్టూ ఉన్న చెక్కుడు గీతల్ని వేలితో తడిమింది.

"ఇది మా ముసలాడి కత్తి పని. ఎక్కడిదిరా ఇది?"

"ఏట్లో కొట్టుకొచ్చింది అవ్వా."

"మోకాలెత్తు దాకా మట్టి మరకుంటే కొట్టుకొచ్చిందంటావేంట్రా?" ఆమె గొంతు తగ్గింది. "కిందటి చలికాలం పోయిన నా బిడ్డది ఇది. దారి మధ్యలో చేతిలో కర్ర లేకుండా నిలబడిపోయుంటది. మీ దొరకి చెప్పు నాయనా. మేం వెళ్లకూడదు. పీకినోడే తీసుకెళ్లి నిలబెట్టాలి."

"ఏమంటోంది?" అన్నాడు దొర.

కుసాంకే ఇద్దరి ముఖాలూ చూశాడు. "గుంజ వాళ్లాయన చెక్కిందట దొరా. మీకు పనికొచ్చినందుకు సంతోషమంటోంది."

దొర ముఖం విప్పారింది. టోపీ తీసి, చేతులు తొడలకి ఆనించి, అవ్వ ముందు గౌరవంగా నడుం వంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తప్పు ఒప్పుకున్నాడు, మహానుభావుడు," అంది. కుసాంకే రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వుండబట్టి నా గోడు వినపడింది. రెండు మాటలూ వచ్చినోడు ఒకడున్నా చాలు నాయనా. సాయంత్రం ఇద్దరూ మా ఇంట్లోనే తినాలి."

ఆమె వెళ్లిపోయింది. ఆ తడి చేతుల మీదే ఉంది. కుసాంకే దాన్ని తుడుచుకోలేకపోయాడు, అలా ఉంచుకోనూలేకపోయాడు. దొర ముందు మోకాళ్ల మీద కూలబడి, పొద్దున్నించి జరిగిందంతా చెప్పేశాడు.

కత్సుమురా తాడు విప్పి గుంజని పీకాడు.

"పొద్దున్నే చెబితే అప్పుడే పెట్టేసేవాణ్ణి కదయ్యా! మా అమ్మ సమాధి మీది రాయి ఎవడైనా పట్టుకుపోతే ఊరుకుంటానా? నన్నేమనుకున్నావు నువ్వు?"

ఈ మనిషికి భయపడి కుసాంకే నోరు మూసుకున్నాడు. అసలు ఈయనకి భయపడాల్సిన పనే లేదు.

ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి నడిచారు. రెల్లు మొదలయ్యే చోట కుసాంకే ఆగిపోయాడు. దొర ఒక్కడే లోపలికి వెళ్లాడు. కర్ర దిగుతున్న చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి ఆయన మోకాళ్లకి మట్టి ఉంది.

"ఆమెకి నిజం చెప్పాలి," అన్నాడు. "నాకు మీ మాట రాదు. నువ్వే చెప్పాలి."

పొద్దుగూకాక తిరిగి చేరేసరికి అవ్వ ఇంట్లో పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. మొదటి గిన్నె దొరకి కాదు, కుసాంకే చేతికిచ్చింది. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని నోటి దాకా ఎత్తలేకపోయాడు.

"అవ్వా, కర్ర చోటుకి చేరింది. కానీ అప్పుడు ఒడ్డున దొరకి నీ మాట నేను చెప్పలేదు. నీకు సంతోషమని చెప్పాను. పొద్దున చూడగానే అది ఏంటో నాకు తెలుసు. నా ఉద్యోగం పోద్దని..."

అవ్వ గరిటె ఆగింది. గిన్నె వెనక్కి తీసుకుంటుందేమో అనుకున్నాడు. తీసుకోలేదు.

"తిను. చల్లారిపోద్ది," అంది.

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. దొర వైపు తిరిగి, గిన్నె చూపించి, ఇంకా కావాలా అని చేతి సైగతోనే అడిగింది. దొర కూడా చేత్తోనే చాలన్నాడు. ఉప్పు అందించింది, మంట దగ్గరకి జరగమంది, బిడ్డ ఎంత పొడుగుండేదో చెయ్యెత్తి చూపించింది. ఆయన తలూపుతూ ఉన్నాడు. ఇద్దరిలో ఎవరూ కుసాంకేని ఏమీ అడగలేదు.